ఎర్ర కారుకు నాలుగు బొట్లు

"సార్, మీ పార్సిల్ వచ్చింది. గేటు కాడ ఉన్న" అని ఫోన్ వచ్చేసరికి నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. చెయ్యి కూడా కడుక్కోకుండా మూడంతస్తులు దిగాను. శనివారం మధ్యాహ్నం, మూడు దాటింది. నయన ఆఫీసులో ఉంది, అమ్మ కునుకు తీస్తోంది. ఇంత మంచి ముహూర్తం నాకు పెళ్లికి కూడా కుదరలేదు.

పార్సిల్లో ఉన్నవి నాలుగు మడ్ ఫ్లాపులు. చక్రాల వెనక వేలాడుతూ, ఎగిరే బురద, కంకర కారు రంగుకు తగలకుండా ఆపే రబ్బరు రేకులు.

కారు నయనది. పెళ్లికి ముందే సొంత జీతంతో సెకండ్ హ్యాండులో కొనుక్కున్న ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండు తలుపులు, రెండే సీట్లు. పెళ్లయి మూడు నెలలు. రోజూ లేవగానే నయన ముందు బాల్కనీలోంచి కారును చూస్తుంది, తర్వాత నన్ను చూస్తుంది. నాకేం బాధ లేదు. రెండో స్థానం కూడా స్థానమే.

నా కోరిక ఒక్కటే. ఆ కారులో ఆమె పక్కన కూర్చుని శామీర్‌పేట చెరువు దాకా వెళ్లిరావాలి. మూడు ఆదివారాలుగా అది వాయిదా పడుతోంది. గుండ్లపోచంపల్లిలో మా కాలనీ రోడ్డును కొత్తగా వేస్తామని తవ్వి వదిలేశారు. చినుకు పడితే చాలు, నయన కారుకు కవరు కప్పేసి కంపెనీ బస్సెక్కుతుంది. ఇవాళా అంతే.

"బురదల బండి దీస్తే కంకర ఎగిరి పెయింటు పోతది" అంటుంది.

"మరి నేను బురదలో పడి పోతే?"

"నువ్వు స్నానం జేస్తే మళ్ల మంచిగైతవు. పెయింటు గట్ల కాదు."

అందుకే ఈ ఫ్లాపులు. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. నాలుగేళ్లలో ఒక్క స్క్రూ కూడా తిప్పలేదు కాబట్టి, టేపుతో అతికించే రకం తెప్పించాను.

కవరు తీసి, నలభై నిమిషాల్లో నాలుగూ అతికించి, వెనక్కి నడిచి, తృప్తిగా చూశాను. కుడివి ఎడమకూ, ఎడమవి కుడికీ పెట్టాను. నాలుగూ ఏనుగు చెవుల్లా బయటికి విచ్చుకుని ఉన్నాయి.

మొదటిదాన్ని మెల్లగా లాగాను. ఫ్లాపుతో టేపు వచ్చింది. టేపుతో రంగు వచ్చింది. రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ.

మెల్లగా లాగడమే పొరపాటనుకుని రెండోదాన్ని ఒక్క ఊపులో పీకాను. పానీపూరీ అంత. మూడోది ఎలా పీకానో గుర్తు లేదు. నాలుగోదానికి అనుభవం వచ్చింది, మచ్చ చక్కగా గుండ్రంగా తేలింది.

టైము నాలుగున్నర. నయన బస్సు ఐదున్నరకు వస్తుంది. మచ్చలు దాచే ఉపాయం కోసం ఇల్లంతా తిరిగాను. దేవుడి గూట్లో కుంకుమ భరిణె కనిపించింది.

ఎర్ర కారు, ఎర్ర కుంకుమ. నీళ్లతో మెత్తగా కలిపి నాలుగు మచ్చల మీదా మెత్తాను. అనుమానం రాకుండా చుట్టూ పసుపు కూడా రాశాను.

"ఏం జేస్తున్నవ్ రా?" అమ్మ లేచి కిందికి వచ్చింది.

"నయన కారుకు పూజ అమ్మా."

అమ్మ కళ్లు చెమర్చాయి. "కోడలి బండికి పూజ జేస్తున్నవా బిడ్డా. గని బొట్టు ముందల పెడతరు. గిట్ల చక్రాల ఎనక పెట్టుడేంది?"

"నాలుగు దిక్కులా రక్ష అమ్మా."

ఈ మాట నోరు జారి అన్నాను. అమ్మ దాన్ని పక్కింటి ఇందిరమ్మకు చెప్పింది. పది నిమిషాల్లో ఇందిరమ్మ తన కొడుకు బైకునూ, మనవరాలి సైకిలునూ తెప్పించింది. "తమ్మీ, మా బండ్లకు గూడ జర నాలుగు దిక్కుల పెట్టు."

బైకుకు ఉన్నవి రెండు చక్రాలే. నాలుగు దిక్కులు ఎక్కణ్నుంచి తేవాలో ఆలోచిస్తుండగా చినుకులు మొదలయ్యాయి.

కుంకుమ కారింది. నయన బస్సు దిగి గేటులోకి వచ్చేసరికి ఆమె కారు నాలుగు చోట్ల నెత్తురోడుతోంది. అమ్మ గొడుగు కింద హారతి తిప్పుతోంది.

నయన వంగి ఒక్కో చక్రం వెనకా చున్నీతో తుడిచి చూసింది. నాలుగో మచ్చ దగ్గర చాలాసేపు కూర్చుంది. ఆమె ముఖం చూస్తే, చెరువు సంగతి పక్కనపెట్టి, ఇకనుంచి బాల్కనీలోంచి కారును చూశాకైనా నావైపు తిరుగుతుందా అనిపించింది.

లేచి నా వెనక్కి వచ్చి, చొక్కాకు అంటుకున్న టేపు ముక్కను లాగింది. దాని నిండా ఎర్ర పెయింటు.

"నా కారు నీ వీపు మీద ఉంది" అంది మెల్లగా.

"నయనా, నీ పెయింటు కాపాడదామనే..."

"కాపాడినవు. ఇగ పోనీకి ఏం మిగల్లే."

"చెరువుకు పోదామని ఆశపడ్డాను."

నయన నావైపు చూసింది. పెదవి చివర నవ్వు లాంటిదేదో మెరిసింది. అమ్మయ్య అనుకున్నాను. తొందరపడ్డాను.

"అత్తమ్మా," అంది అమ్మవైపు తిరిగి, "ఆయన గింత మనసువెట్టి జేసిండు, ఇంట్ల పూజతోని సరిపెడితే ఎట్ల? రేపు పొద్దుగాల ఏడింటికి గండిమైసమ్మ గుడికి పోదాం. ఆడికెంచి శామీర్‌పేట చెరువు గూడ జూసొద్దాం."

"మంచిగుంటది బిడ్డా. మరి వాన వడితే?"

"పడనీయుండ్రి. పెయింటు ఎట్లాగూ పోయింది, ఇగ భయమేంది?"

"మరి వీడు?"

"సీట్లు రెండే గద అత్తమ్మా. ఆయన స్కూటీ మీద మన ఎనకాల వస్తడు."

ఆ రోడ్డులో, ఆ వానలో, ఆ చక్రాలు ఎగజిమ్మే బురద ఎక్కడ పడుతుందో లెక్కవేయడానికి ఇంజినీరింగ్ అక్కర్లేదు.

"కొంచెం దూరంగా వస్తాను" అన్నాను.

"దూరమెందుకు రా?" అంది అమ్మ. "పూజ జేసినోనివి, బండి ఎనకాల్నే ఉండాలె."

"అవు అత్తమ్మా, ఎనకాల్నే" అంది నయన. "ఏడు గొట్టంగనే బయలెల్లుడు. అన్వేష్, రెయిన్‌కోటు తీసి పెట్టుకో."