ఎర్ర సిగ్నల్‌లో మిగిలిన మాట

శ్రోతల అభిప్రాయం మేరకు ‘ఎర్ర సిగ్నల్’ ఆల్బమ్‌లోని మూడో పాటను బుధవారం ఉదయం పదిన్నరకు తీసేశారు. మధ్యాహ్నానికల్లా అది నగరంలోని రికార్డుల్లోంచీ, క్యాసెట్లలోంచీ, ఫోన్లలోంచీ, స్నానం చేస్తూ దాన్ని పాడుకునేవాళ్ల గొంతుల్లోంచీ పోయింది. అలాంటి పాట ఒకటి ఉండేదని అందరికీ గుర్తుంది. ఎలా ఉండేదన్నది ఎవరికీ గుర్తులేదు. పద్ధతి ప్రకారం జరగవలసింది అదే గనుక ఎవరూ ఆశ్చర్యపోలేదు.

లాలాగూడ రైల్వే కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన బేతి పాండురంగం మర్నాడు పొద్దున పేపర్లో ఈ వార్త చదివాడు. నరసింహస్వామి పటానికి హారతి ఇచ్చి, చొక్కా తొడుక్కున్నాడు.

“ఎటు పోతున్నవ్?” అంది భార్య మాణెమ్మ.

“అభిప్రాయాల ఆఫీసుకు. మూడో పాట పోయిందట. ఏడోదాని దాక వస్తరేమో.”

“బొట్టు సగం చెరిగింది, సక్కగ వెట్టుకొని పో. ఆఫీసోళ్లు మొకం చూసే కాయిదం తీస్కుంటరు.”

‘ఎర్ర సిగ్నల్’ తెలుగులో వచ్చిన రాక్ ఆల్బమ్. పది పాటలూ కలిపి ఒకటే కథ. ఒక రైలు డ్రైవరు ఎర్ర సిగ్నల్ దగ్గర బండి ఆపుతాడు. అది పచ్చగా మారదు. పాట తర్వాత పాటగా అతను ఆ ఇంజనులోనే ముసలివాడవుతాడు. డెబ్బయ్యారు మే నెలలో మెట్టుగూడలోని ఒక రేకుల షెడ్డులో నలుగురు కుర్రాళ్లు దాన్ని రికార్డు చేశారు. గిటారు వాయించింది పాండురంగం తమ్ముడు విఠల్. పాండురంగానికి సంగీతం రాదు గనుక ఫ్యాను స్విచ్చి దగ్గర కూర్చోబెట్టారు. పాట మొదలయ్యే ముందు ఫ్యాను ఆపాలి, అయ్యాక వెయ్యాలి. ఏడో పాట అయ్యాక వేశాడు. ఎనిమిదో పాటకు ఆపవలసిన సమయానికి, రెండు షిఫ్టులు చేసి వచ్చిన మనిషి, గోడకు ఆనుకుని కునుకు తీశాడు. అందువల్ల ఏడో పాట చివర ఫ్యాను చప్పుడూ, దాని మీద విఠల్ గొంతూ పడ్డాయి. “అన్నా, ఫ్యాను బంద్ చెయ్యి.” మళ్లీ చేద్దామంటే టేపు లేదు. అలాగే ఉంచేశారు.

మూడేళ్లకు విఠల్ కామెర్లతో పోయాడు. ఇంట్లో అతని ఫొటో ఉంది. గొంతు మాత్రం ఆ రెండు సెకన్లే. పాండురంగం రోజూ సాయంత్రం దీపం పెట్టాక రికార్డు వేసి ఆ మాట వరకూ వింటాడు.

ఆఫీసు చిలకలగూడలో రెండో అంతస్తులో ఉంది. గోడకు ఆ వారం అభిప్రాయాలు అంటించి ఉన్నాయి. డ్రైవరు దిగి నడిచిపోవచ్చు కదా అని ఒక శ్రోత అడిగాడు. డ్రైవరు భార్యకు ఒక పాట ఉండాల్సిందని ఇంకొకరు బాధపడ్డారు. మా నాన్న పాతికసార్లు విన్నాడు, కాబట్టి నేను వినలేదు, చాలా గొప్ప ఆల్బమ్ అని ఒకరు రాశారు. వాటికింద, పాండురంగం భయపడ్డ కాగితమే ఉంది. ‘ఏడో పాట చివర ఎవరో ఫ్యాను గురించి మాట్లాడారు. కథకు సంబంధం లేదు. తీసెయ్యాలి.’

క్లర్కు భూలక్ష్మి ఫారం ఇచ్చింది. ఆయన నిదానంగా నింపి, తొమ్మిదో గడి దగ్గర ఆగాడు.

“మంచిగున్నదని రాస్తే సాలదా, బిడ్డా?”

“మంచిగున్నదంటే మేమేం అమలు చెయ్యాలె పెద్దాయనా? తొమ్మిదో గడిల ఏం తీసెయ్యాల్నో రాయాలె.”

“ఏం తీసెయ్యొద్దనే గద నేనొచ్చింది.”

“గట్లయితే ఇంకోటి రాయున్రి. ఒకటి ఉండాల్నంటే ఇంకోటి పోవాలె. గడి ఖాళీగుంటే కంప్యూటర్ తీస్కోదు.”

“ఏదన్న చేర్చమని రాస్తే?”

“చేర్చే సెక్షన్ల మనిషి లేడు. పోస్టు అడిగి పదకొండేండ్లాయె.”

పాండురంగం కాసేపు ఆలోచించి ‘రెండో పాటలో డ్రమ్ములు’ అని రాశాడు. ఆ డ్రమ్ములు వింటే ఆయనకు మొదటినుంచీ తలనొప్పి. భూలక్ష్మి ముద్ర వేసింది. ఆ సాయంత్రం రెండో పాట డ్రమ్ములు లేకుండా, చెప్పుల్లేకుండా నడిచే మనిషిలా మెత్తగా సాగిపోయింది. ఏడో పాట చివర విఠల్ ఎప్పటిలాగే ఫ్యాను బంద్ చెయ్యమన్నాడు.

“ఏం ఇడిసినవ్?” అని అడిగింది మాణెమ్మ. చెప్పాడు.

ఆమె బియ్యంలో రాళ్లేరుతూ నవ్వింది. “కాశీకి పోయినప్పుడు మా అన్న కాకరకాయ ఇడిసిండని ఊరంత చెప్పుకుంట నవ్వితివి. ఎన్నడు నోట్ల వెట్టనిది ఇడుసుడేంది అంటివి. ఇప్పుడు నువ్వు ఇడిసిందేంది మరి?”

కాశీలో గంగలో నిలబడి పాండురంగం జామపండు వదిలాడు. జామపండంటే ఆయనకు ప్రాణం. ఇష్టమైనది వదిలితేనే దేవుడి లెక్కలో పడుతుందని ఆయన నమ్మకం. ఇన్నేళ్లలో ఒక్క ముక్క ముట్టలేదు. కానీ ఆఫీసు వాళ్లు ఇష్టమా కాదా అని అడగలేదు. అడిగే గడి ఫారంలో లేదు.

పదిహేను రోజులకొకసారి ఫ్యాను మాట మీద కొత్త అభిప్రాయం వచ్చేది. పదిహేను రోజులకొకసారి పాండురంగం చిలకలగూడ మెట్లెక్కేవాడు. అయిదో పాట, ఒకటో పాటలో ఇంజను కూత, పదో పాట ఆయన చేతి మీదుగానే పోయాయి. తక్కినవి ఇతరుల చేతుల మీదుగా పోయాయి. తమకు కావలసిన ముక్క కోసం ఎవరి ఫారం వాళ్లు నింపుతున్నారు. ఎవరూ తప్పు చేయడం లేదు. అందరూ ఆ ఆల్బమ్‌ను ప్రాణంగా ప్రేమించేవాళ్లే.

ఒకరోజు మాన్యుయేలు ఫోన్ చేశాడు. డ్రమ్ములు వాయించినవాడు, ఆ నలుగురిలో మిగిలినవాడు అతనొక్కడే.

“పాండన్నా, నా డ్రమ్ములు ఎవడు తీసేయించిండో ఎరికేనా?”

“ఎరికే. నేనే.”



“సరె తీయ్. మొన్న నేను నీ తమ్ముని గిటారు తీసేయించిన. ఆరో పాటల మిగిలిన డ్రమ్ములన్న ఉండాల్నని.”

“ఉన్నయా?”

“నిన్న పోయినయి. ఎవరో పాటనే తీసేయించిన్రు.” అన్నాడు మాన్యుయేలు. “విఠల్ ఉంటే ఇద్దర్నీ తిడుతుండె.”

“తిడుతుండె” అన్నాడు పాండురంగం.

వానాకాలం సగం గడిచేసరికి ‘ఎర్ర సిగ్నల్’లో పాటలు లేవు. రెండు సెకన్ల మాటా, దాని వెనక ఫ్యాను చప్పుడూ మిగిలాయి. ఆల్బమ్ ఇప్పుడు కుదురుగా ఉందని, డ్రైవరు ఎదురుచూపు ఇంతకు ముందుకంటే బాగా తెలుస్తోందని శ్రోతలు రాశారు. తర్వాతి అభిప్రాయానికి బదులుగా పాండురంగం ఫ్యాను చప్పుడు కూడా వదిలాడు. ఆ తర్వాత ఇంకో అభిప్రాయం వచ్చింది. ‘బాగుంది. కాస్త పొడవైంది.’

ఆయన మళ్లీ వెళ్లి భూలక్ష్మి ముందు కూర్చున్నాడు.

“ఇగ రాయనీకి ఏం లేదు బిడ్డా. ఆ మాట ఒక్కటే ఉన్నది.”

“గడి ఖాళీగ తీస్కోరు పెద్దాయనా.”

“నువ్వే చెప్పు, ఏం రాయాలె?”

భూలక్ష్మి రూల్సు పుస్తకం తీసి, కళ్లద్దాలు సర్దుకుని, చాలాసేపు చదివింది. వెనక కుర్చీలో కూర్చున్న ఒకాయన తన వంతు కోసం చూస్తూ, ఆగిపోయిన గోడగడియారం వంక మాటిమాటికీ చూస్తున్నాడు.

“వినేటోళ్లు గూడ ఆల్బమ్‌ల భాగమేనట. ముప్పై రెండో రూలు. వినేటోని పేరు రాయొచ్చు. ఆ మనిషికి ఇగ అది వినపడదు.”

“కాస్త పొడవైంది అన్నాయన పేరు రాస్తే?”

“ఆయన సంతకం కావాలె.”

పాండురంగం కలం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. స్వామికి రోజూ ఎన్ని మొరలు వెళ్తాయో, ఆయన వాటికి ఏ గడిలో ఏం రాసుకుంటాడో అన్న ప్రశ్న ఒకటి మనసులోకి వచ్చింది. అడగడానికి ఎవరూ లేరు. కాశీలో నీళ్లు మోకాళ్లదాకా చల్లగా ఉండడం గుర్తొచ్చింది. ఈసారి కాకరకాయ కాదులే అనుకున్నాడు. తొమ్మిదో గడిలో ‘బేతి పాండురంగం’ అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం చేశాడు.

“మీరే గద పెద్దాయనా రోజు వినేటోళ్లు” అంది భూలక్ష్మి.

“వాని మాట ఉంటది గద?”

“ఉంటది.”

“ముద్ర ఎయ్యి.”

ఈ ఏర్పాటు ఆఫీసుకు నచ్చింది. పాటలు తీయడం కంటే శ్రోతలను తీయడం తేలిక. వెనక కుర్చీలో కూర్చున్నాయన ఆ రోజే తన పేరు రాసి ఇచ్చాడు. దసరాకు ముందే ‘ఎర్ర సిగ్నల్’ వినగలిగేవాళ్లు నగరంలో లేకుండా పోయారు. అభిప్రాయాలు మాత్రం మూడింతలయ్యాయి. వాటిలో వ్యతిరేకం ఒక్కటీ లేదు. గొంతులో ఆర్ద్రత ఉందని కొందరు, ఈ కాలంలో ఇలా ఎవరు చేయగలరని కొందరు రాశారు. పేపర్లో అరపేజీ వ్యాసం వచ్చింది. మాణెమ్మ దాన్ని చదివి వినిపిస్తే పాండురంగం బాగుందన్నాడు. ఫ్యాను మాటకు ఇక ఏ ప్రమాదమూ లేదని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన దాన్ని విఠల్ ఫొటో వెనక దోపాడు.

తమ్ముడి గొంతు ఎలా ఉండేదో ఆయనకు ఇప్పుడు గుర్తులేదు. సన్నగా ఉండేదా అని ఒకసారి మాణెమ్మను అడిగాడు. “మీ అన్నదమ్ములది ఒకటే గొంతు అనేటోళ్లు” అంది ఆమె. అంతకంటే తనకూ గుర్తులేదు.

సాయంత్రం దీపం పెట్టాక ఆయన ఎప్పటిలాగే రికార్డు వేస్తాడు. అది చప్పుడు లేకుండా తిరుగుతుంది. గడియారం చూస్తూ కూర్చుంటాడు. ఏడో పాట అయిపోవలసిన నిమిషానికి కునుకు తీయకుండా లేచి, గోడ దగ్గరికి వెళ్లి, ఫ్యాను బంద్ చేస్తాడు. మాణెమ్మ విసనకర్ర అందుకుని విసురుకుంటుంది. ఎనిమిదో పాటకు పట్టే సమయమంతా ఇద్దరూ కదలకుండా కూర్చుంటారు.