అట్ట తెర వెనక అంకె

లాయిడ్ గుండర్సన్ అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో, ఓక్లెయిర్ అనే ఊళ్లో, తన ఇంటి నేలమాళిగలో ప్రతి శనివారం మధ్యాహ్నం దేవుడి ఉద్యోగం చేస్తాడు. అంటే, రాక్షసుల ఆట నడిపిస్తాడు. బల్ల చుట్టూ నలుగురు కూర్చుని నలుగురు వీరులై మాట్లాడతారు. రాజులూ, రాక్షసులూ, వానా, ఎండా అన్నీ లాయిడే. వీరుడు బతికాడా చచ్చాడా అన్నది మాత్రం ఇరవై ముఖాల పాచిక చెప్తుంది. రాక్షసుడి వంతుకి పెద్ద అంకె పడితే వీరుడి పని అయినట్టే. లాయిడ్ పాచికకి ముందు ఒక అట్ట తెర ఉంటుంది. దాని వెనక ఎంత పడిందో ఆయన చెప్పిందే వేదం.

ఈ ఆటని రికార్డు చేసి రేడియో నాటకంలా మార్చే పిచ్చి రెండేళ్ల కిందట పట్టింది. మొదటి భాగం పదకొండుమంది విన్నారు. అందులో నలుగురు ఆడినవాళ్లే. యుద్ధం కన్నా చిప్స్ నమిలిన చప్పుడే గట్టిగా వినిపించింది.

మనవాడు వదల్లేదు, నేర్చుకున్నాడు. సెలెరీ అనే కూర కాడ విరిస్తే ఎముక విరిగినట్టే ఉంటుందని కనిపెట్టి, సూపుకని తెచ్చిన కాడలన్నీ విరిచేశాడు. ఆ వారం ఇంట్లో సూపు లేదు, ఎముకలే.

చివరికి ఊరి రేడియోవాళ్లు, బాగుచేసుకొస్తే వేస్తామన్నారు. అక్కడొచ్చింది చిక్కు.

లాయిడ్ పెళ్లాం ట్రూడీ పద్దెనిమిదేళ్లుగా ఆ బల్ల దగ్గర ఇల్మారా అనే వైద్యురాలు. ఆవిడ శాపం పెట్టినా బజారు చీటీ చదివినట్టే ఉంటుందని ఈయన బాధ. ఆవిడ చోటుకి నాటకాల్లో వేసే ఒకమ్మాయిని గుట్టుగా మాట్లాడిపెట్టుకున్నాడు. పెళ్లాంతో "నువ్వు మానెయ్" అనే ధైర్యం లేక ఆ పని డ్రాగన్‌కి అప్పగించాడు.

శనివారం డ్రాగన్ పంజా విసిరింది. తెర వెనక పాచిక దొర్లింది.

"ఇరవై," అన్నాడు లాయిడ్, సంతాపసభ గొంతుతో. "ఇల్మారా పోయింది."

"పాచిక చెప్పాక ఇంకేముందిలే," అంది ట్రూడీ. ఇల్మారా వివరాలు రాసుకున్న పాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మొహం కడుక్కోవడానికి పైకెళ్లింది. దొంగ వేషం వేసే డెల్ ఆ పూట చిప్స్ ముట్టుకోలేదు.

మర్నాడు లాయిడ్‌కి జాలేసింది. "ఖాళీగా ఎందుకు? రికార్డింగులు విని ఆ దగ్గులూ నమలడాలూ తీసిపెట్టు. నాటకం బాగుపడుతుంది."

"నేను పోయాకే బాగుపడుతుందన్నమాట."

"అబ్బే, అలా కాదే..."

"పాతవి కూడానా?"

"రెండేళ్లవీ శుభ్రం చెయ్."

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. తన గొంతు గంభీరంగా రావాలని అందరికన్నా మంచి మైకు తెర వెనక తన ముందే పెట్టుకున్నాడీ మహానుభావుడు. పాచిక పడగానే పెదాల మధ్యే అంకె చదువుకునే అలవాటొకటి ఉందని ఆయనకే తెలీదు.

తరవాతి శనివారం అందరూ కూర్చున్నాక ట్రూడీ ఒక ముక్క వినిపించింది. పాచిక టకటకమంది. ఊపిరంత సన్నగా, "మూడు." వెంటనే సంతాపసభ గొంతు, "ఇరవై."

"ఇంకోసారి వెయ్యి ట్రూడీ," అన్నాడు డెల్.

"మూడు. ఇరవై."

"అది... కథ కోసం," అన్నాడు లాయిడ్. "రేడియోకి కొంచెం..."

"నా గొంతు బాలేదని నాతో చెప్తే పోయేదిగా. నేనే లేచేదాన్ని."

లాయిడ్ లేచి రికార్డింగు ఆపబోయాడు.

"ఆగు, పాతవీ విన్నాను," అంది ట్రూడీ. "గుహలో పద్దెనిమిది పడితే నాలుగన్నావ్. వంతెన మీద పంతొమ్మిదైతే రెండన్నావ్. పదకొండుసార్లు నన్ను బతికించావ్."

లాయిడ్ మొహం చాటంతయింది. "చూశావా మరి! ప్రేమ లేకపోతే..."

"చంపిందీ నువ్వే, బతికించిందీ నువ్వే. మరి ఇన్నేళ్లూ నేనేం ఆడినట్టు, లాయిడ్?"

ఆరు రకాల రాక్షసుల గొంతులొచ్చిన మనిషి అట్ట తెర మడిచి పక్కన పెట్టాడు.

శనివారాలు ఆగిపోయాయి. బుధవారాలు ట్రూడీ డెల్ ఇంటికెళ్తోంది. అక్కడ తెర లేదు, పాచిక అందరి కళ్లముందే పడుతుంది. మొదటిరోజు అరగంటకే ఆవిడ కొత్తగా వేసిన విలుకత్తె వేషం హరీమంది.

ఇంటికి రాగానే లాయిడ్ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఎలా జరిగింది?" అన్నాడు.

"చచ్చిపోయాను."

"అయ్యో. ఎంత పడింది?"

"ఇరవై. అందరం చూశాం."

అని, బంగాళాదుంపలు పేర్చి కాల్చిన హాట్‌డిష్ రెండోసారి కూడా వడ్డించుకుని తింది. ఆ మొహంలో అంత సంతోషం లాయిడ్ చూసి చాలా ఏళ్లయింది.