కుండీ నీళ్ల రిజిస్టరు

ధ్రువపత్రాల కార్యాలయంలో కుండీ పురుగుల నిర్మూలన సంపూర్ణంగా విజయవంతమైందని ప్రజలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. పురుగులు ఇంకా ఉన్నాయి. నిర్మూలన మాత్రం పూర్తయింది. అందుకు పెద్దాఫీసరు సంతకం చేసిన కాగితం ఉంది.

ఇంతటి విజయానికి మూలకారణం ఒక మొక్క. పెద్దాఫీసరు బదిలీపై వచ్చిన మొదటి రోజునే తన గదిలో కిటికీ పక్కన, పింగాణీ కుండీలో, వెడల్పాటి ఆకుల మొక్కనొకదాన్ని పెట్టించారు. పచ్చదనం పట్ల సిబ్బందికి గల శ్రద్ధను వార్షిక నివేదికలో ప్రత్యేకంగా గమనిస్తామని సెలవిచ్చారు. గమనించడానికి ఆధారం కావాలి కనుక హెడ్ గుమాస్తా ఒక రిజిస్టరు తెరిచారు: తేదీ, వేళ, పోసిన నీళ్లు, పోసినవారి సంతకం. సిబ్బంది పదకొండు మంది, మొక్క ఒక్కటే. ఆ విధంగా దానికి రోజుకు పదకొండు గ్లాసుల నీళ్లు అందసాగాయి.

తడి ఆరని మట్టిలో బూజు పుట్టింది. బూజు కోసం పురుగులు వచ్చాయి. దోమకంటె చిన్నవి, నల్లనివి. పైమట్టిలో గుడ్లు పెట్టి, నెల తిరగకుండా మనుమలతో సహా గాలిలో షికారు చేసే జాతి. అవి కుట్టవు, కరవవు, పని మీద వచ్చినవారిని ఏమీ అడగవు. ఇటువంటి ప్రవర్తన ఆ కార్యాలయంలో అంతకుముందు ఎవరూ ఎరుగరు. అందుచేత మొదట ఎవరికీ అనుమానం రాలేదు. సమయపాలనపై గంటన్నర ఆలస్యంగా ఉపన్యాసం ప్రారంభించిన పెద్దాఫీసరు నోటిలోకి ఒక పురుగు ప్రవేశించిన తరువాతనే, వాటికి ‘అనధికార ఎగురుజీవులు’ అని నామకరణం చేసి, ముగ్గురితో ఒక సంఘం వేశారు.

సంఘం విశ్రమించలేదు. పసుపుపచ్చని జిగురు అట్టలు వేలాడదీసింది. వాటికి కొన్ని పురుగులు, ఒక వితంతువు అర్జీ, టైపిస్టు కొంగు అంటుకున్నాయి. మట్టిలో వేపనూనె పోయించింది. ఆ వాసన పోవడానికి నీళ్లు పోయించింది. మట్టిపై ఇసుక పరిపించింది. ఇసుక ఎండిపోతున్నట్టు కనిపించడంతో కంగారుపడి, దానికీ నీళ్లు పోయించింది. పురుగులు ఈ సేవలన్నిటినీ వినమ్రంగా స్వీకరించాయి.

ఆ కార్యాలయాన్ని ఊడ్చి తుడిచే ఆమెను అందరూ పిన్ని అంటారు. రిజిస్టరులో పదకొండో సంతకం ఆమెదే. మంచం పట్టిన భర్తకు ఆమె సంపాదనే ఆధారం. ఆ కొలువును ఏడాదికోసారి పెద్దాఫీసరు పొడిగించాలి. ఆ ఏటి పొడిగింపు కాగితం అప్పటికే ఆయన బల్ల మీద ఉంది. అటువంటి మనిషి నోరు మూసుకుని ఉండాలి. ఆమె ఉండలేదు.

“నీళ్లు మానెయ్యండి నాయనా,” అంది హెడ్ గుమాస్తాతో. “మట్టిలో వేలు పెడితే తడి తగలకూడదు. ఓ పది రోజులు దాని జోలికి పోకండి. పురుగులు వాటంతటవే పోతాయి.”

“అంటే ఇప్పుడు మేమేం చెయ్యాలంటావ్ పిన్నీ?”

“ఏం చెయ్యకూడదు.”

“అదే, ఏం చెయ్యకపోవడాన్ని ఏ గడిలో రాయాలి?”

“గడి లేదు, గాడిద గుడ్డూ లేదు. చేతులు కట్టుకుని కూర్చోండి. మీకు కొత్త పనా అది?”

నిజానికి కొత్త కాదు. ఆ కార్యాలయం ఒక జనన ధ్రువపత్రాన్ని, అడిగిన శిశువు ముసలివాడయ్యే వరకు, చెక్కుచెదరకుండా కాపాడిన చరిత్ర గలది. అయితే అదంతా ‘పరిశీలనలో ఉన్నది’ అనే పేరు మీద జరిగింది. ఏమీ చేయకపోవడాన్ని బాహాటంగా చేసిన దాఖలా లేదు. కనుక సంఘం ఆ సూచనను తిరస్కరించింది. పెద్దాఫీసరు సిబ్బందిని సమావేశపరిచి ఇట్లా ఉద్బోధించారు:

“ఈ మొక్క మన సంస్థకు ప్రతీక! ప్రతీక గొంతు ఎండితే ప్రజలేమనుకుంటారు? పురుగుకు భయపడి కర్తవ్యం విడుస్తామా? గ్లాసు వదిలినవాడు నా దృష్టిలో కుర్చీ వదిలినవాడే!”

కరతాళధ్వనులు మిన్నుముట్టాయి. ఆ చప్పట్ల నడుమ నలిగి నాలుగు పురుగులు మరణించాయి. సంఘం దీన్ని మధ్యంతర ప్రగతిగా నమోదు చేసింది.

ఆ వెంటనే పెద్దాఫీసరు పది రోజుల శిక్షణకు వెళ్లారు. చూసేవారు లేరు కనుక పోసేవారు లేకపోయారు. గ్లాసులు అల్మారాలో బోర్లా పడుకున్నాయి. మట్టి ఎండి నెర్రెలిచ్చింది. పదకొండో రోజున ఆయన తిరిగి వచ్చేసరికి గదిలో ఒక్క పురుగు లేదు; మొక్క కొత్త ఆకు తొడిగింది.

“అద్భుతం! ఏం చేశారయ్యా? రిజిస్టరు తెండి,” అన్నారాయన.

రిజిస్టరులో పది ఖాళీ పేజీలున్నాయి. హెడ్ గుమాస్తా అరగంట వ్యవధి కోరారు. ఆ అరగంటలో పదిమంది పది రోజుల సంతకాలు చేశారు. భయస్థులు గ్లాసుకు రెండు గ్లాసులు రాసుకున్నారు. చివరికి రిజిస్టరు పిన్ని ముందుకు వచ్చింది.

“నేను పొయ్యలేదుగా.”

“ఎవరు పోశారు గనక? సంతకమేగా, గీసి పారెయ్.”

“పొయ్యని నీళ్లకి ఇవాళ పెడితే, ఊడవని గదికి రేపు పెట్టమంటావ్.”

“పిన్నీ, నీ కాగితం ఆయన బల్ల మీదుంది. బాబాయి మొహం చూసైనా పెట్టు.”

ఆమె కలం అందుకుంది. ఒక నిమిషం పట్టుకుంది కూడా. తరువాత దానికి మూత పెట్టి, రిజిస్టరు మీద ఉంచింది.

“మీ బాబాయికి మందులు కావాలి, నిజమే. ఆ మందు ఏ డబ్బుతో కొన్నావని ఆయన అడుగుతాడు నాయనా. అదీ నా బాధ.”

పెద్దాఫీసరు ఆధారాలను నిష్పక్షపాతంగా పరిశీలించారు. నీళ్లు పదకొండు గ్లాసుల నుంచి పధ్నాలుగుకు పెరిగాయి, పురుగులు పోయాయి. కనుక ఇంతకాలం పురుగులు ఉండటానికి కారణం నీళ్లు చాలకపోవడమే. గ్లాసుల సంఖ్యను వెంటనే రెట్టింపు చేయవలసిందని ఉత్తర్వు వెలువడింది. నిర్మూలన కార్యక్రమానికి ఏ విధంగానూ సహకరించని ఒకే ఒక్క ఉద్యోగిని కొలువు పొడిగించబడలేదు. వెళ్లేటప్పుడు ఆమె ఆ మొక్క కొమ్మ ఒకటి తుంచి, తడి కాగితంలో చుట్టుకుని పోయింది. ప్రభుత్వ ఆస్తి అపహరణగా అది రిజిస్టరులో ఎక్కింది. ఆ కొమ్మ ఇప్పుడు ఆమె ఇంటి కిటికీలో, భర్త మంచం పక్కన, డబ్బా నిండా ఆకులతో ఉందని, ఆమె ఇప్పుడు రెండిళ్లలో అంట్లు తోముతున్నదని తెలిసింది.

పురుగులు పదిహేను రోజుల్లో తిరిగి విధుల్లో చేరాయి. మూడో నెలలో వేళ్లు కుళ్లి కార్యాలయపు మొక్క చనిపోయింది. అయితే మరణ ధ్రువపత్రం జారీ చేయవలసింది ఆ కార్యాలయమే. మొక్కకు సంబంధించిన దరఖాస్తు పరిశీలనలో ఉన్నది. అంతవరకు నిబంధనల ప్రకారం అది సజీవంగా ఉన్నట్టే కనుక నీళ్లు ఆపడానికి వీలులేదు. రెట్టింపు గ్లాసులు సిబ్బందికి భారమవడంతో, ప్రజల భాగస్వామ్యం కోరారు. పని మీద వచ్చే ప్రతివారూ ముందుగా కుండీలో ఒక గ్లాసు పోసి, రిజిస్టరులో సంతకం చేస్తేనే అర్జీ పుచ్చుకుంటారు.

వరుసలో నిలబడ్డవారందరికీ మొక్క చచ్చిందని తెలుసు. వాసన వస్తుంది కదా. ఇంతవరకు ఒక్కరూ కాదనలేదు. నమ్మకం లేకపోతే వెళ్లి చూడండి. నలభై ఏడో పేజీలో, నా సంతకానికి సరిగ్గా కింద, మీ సంతకం ఉంది. రెండు గ్లాసులని రాశారు.