మూడు వందల మందిలో ఇద్దరు

మొన్న మార్కాపురంలో జరిగిన సాఫ్ట్‌వేర్ మహాసభ లాంటిది ప్రతి మండలంలోనూ జరగాలి. ఏడాదికోసారి సరిపోదు, నెలకోసారి పెట్టాలి. పని ఆగిపోవడం వల్ల మనిషికి ఎంత మేలు జరుగుతుందో అప్పుడుగాని తెలిసిరాదు!

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. నలభై ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో రాయి కోశాను. అక్కడ నోరు తెరిస్తే మాట బయటికి వచ్చేలోపు దుమ్ము లోపలికి పోతుంది. అట్లాంటి నేను ఇంత పొడుగున రాస్తున్నానంటే సంగతి పెద్దదేనని గ్రహించండి. నా చదువు మూడో తరగతి. నేను కోసిన పలకల మీద అఆలు దిద్ది డిగ్రీల దాకా పోయినవాళ్లు మాత్రం చాలామందే ఉంటారు. ఆ మహాసభలో కూడా కొందరు కూర్చునే ఉంటారు.

ముందు మా ఇంటి సంగతి. నా భార్య ఖుర్షీద్ బేగానికి షుగరు వల్ల చూపు పోయి మూడేళ్లయింది. ఆమెకు నవలల పిచ్చి. తెలుగు పుస్తకాన్ని పైకి చదివి వినిపించే యాప్ ఒకటి ఫోన్లో ఉంది. దాన్ని ఏ కంపెనీ చేయలేదు. జీతం లేని వాలంటీర్లు తీరిక చేసుకుని తయారుచేశారు. ఉచితం. పైగా ఎవరైనా దాని లోపలికి పోయి చూడవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. ఓపెన్ సోర్స్ అంటారు. హోటల్లో పప్పుకు ఉప్పు తక్కువైతే మనమే వంటగదిలోకి పోయి వేసి రావచ్చన్నమాట. ఇంత మంచి హోటల్ గిద్దలూరు నుంచి పొదిలి దాకా ఎక్కడైనా ఉందా?

అయితే ఆ యాప్ కొత్త వెర్షన్ వచ్చిన రోజు నుంచి మొదటి పేజీ చదివి ఆగిపోతోంది. మళ్లీ నొక్కితే మళ్లీ మొదటి పేజీయే. సరిగ్గా ఆ రోజే బేగం కొత్త నవల మొదలుపెట్టింది. అందులో ఒక నర్సు వానలో పెట్టె పట్టుకుని బస్టాండులో నిలబడి ఉంటుంది. వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారు. అక్కడికి పేజీ అయిపోతుంది.

పిలిచింది ఎవరు? నలభై రోజులు మా ఇంట్లో ఇదే మాట. అన్నం ముందు కూర్చుని కూడా ఇదే మాట. ఈలోగా ఆ మొదటి పేజీ బేగానికి కంఠతా వచ్చేసింది. జ్ఞాపకశక్తికి ఇంతకన్నా మంచి మందు ఏ డాక్టరు రాస్తాడు? ఇది మొదటి మేలు.

ఆ యాప్ చేసినవాళ్ల మహాసభ ఈసారి మన ఊళ్లోనే, పొదిలి రోడ్డు కల్యాణమండపంలో రెండు రోజులు జరుగుతుందని తెలిసింది. చొక్కా మార్చుకుని వెళ్లాను. గుమ్మం మీద పెద్ద బ్యానర్ ఉంది, 'అందరం కలిసి' అని. దాని కింద బల్ల దగ్గర ఒక అమ్మాయి ఒక్కతే కూర్చుని వచ్చినవాళ్ల మెడలో ట్యాగులు వేస్తోంది. పేరు ఫెబీ. దొనకొండ నుంచి రైల్లో వచ్చిందట.

"మీ పేరేంది తాతా?"

"బాబావలి. యాప్ రెండో పేజీ చదవడంల్యా."

ఆ పిల్ల చేతిలో పెన్ను పక్కన పెట్టింది. "ఆ చదివే భాగం నేను చేసిందే తాతా. తప్పు దొరికింది. సరిచేసి పెట్టి నెల దాటింది."

"మరి?"

"ఇంకో ఇద్దరు చూసి సరే అనాల. నేను చేసిందాన్ని నేనే సరే అనగూడదు. మా రూలు."

రూలు మంచిదే. మా ఫ్యాక్టరీలోనూ ఒకడు కోసిన పలకను ఇంకొకడు వేలితో తట్టి, బీట లేదని తేల్చాకే చట్రం బిగించేవాళ్లం. తట్టడానికి ఎంతసేపు పడుతుంది?

"దీనికెంతసేపు పడతాది?" అన్నాను.

"పావుగంట."

"లోపల ఎంతమంది ఉండారు?"

"మూడొందల పన్నెండు. ట్యాగులన్నీ నేనే రాసినా గదా."

"అడగలేదా?"

"అడిగినా తాతా. అందరూ మీటింగులో ఉండారు."

"ఏం మీటింగు?"

ఫెబీ తల వంచుకుని ట్యాగు దారం సరిచేసింది. "ఒకరి పని ఇంకొకరు చూసేదానికి మనుషులు దొరకడంల్యా అని."

యాప్ చేసిన పిల్లను ట్యాగుల దగ్గర కూర్చోబెట్టారేమని అడిగాను. "నేను పని చేస్తానని అందరికీ తెలిసిపోయింది తాతా" అంది. వాలంటీర్లలో అదొక ఆచారమట. పని చేసినవాళ్లకు బహుమానంగా ఇంకో పని ఇస్తారు. చేయనివాళ్లకు మైకు ఇస్తారు. ఎవరికి తగింది వారికి ముట్టచెప్పడంలో ఇంత న్యాయం నేనెక్కడా చూడలేదు!

నా ఒక్కడి ఫోన్‌లోనైనా బాగుచేసి ఇమ్మన్నాను. కుదరదట. చదివే పని ఫోన్‌లో కాకుండా ఎక్కడో ఉన్న వాళ్ల పెద్ద కంప్యూటర్‌లో జరుగుతుందట. బాగైతే అందరికీ ఒకేసారి బాగవుతుంది, చెడితే అందరికీ చెడుతుంది. సమానత్వం అంటే ఇదే కదా?

లోపలికి వెళ్లి కూర్చున్నాను. వేదిక మీద నిత్యానందం గారని వాళ్ల పెద్ద. మనుషుల కొరత గురించి గంటన్నర మాట్లాడారు. ఆ తర్వాత ఆరుగురు కలిసి అదే కొరత గురించి మాట్లాడుకున్నారు. వచ్చే ఏడాది బ్యానర్ నీలమా, ఆకుపచ్చా అన్నదాని మీద నలభై మంది చేతులెత్తారు, తొమ్మిది మంది అలిగారు. రంగు గురించి అభిప్రాయం చెప్పడానికి మాత్రం కొరత లేదు. మధ్యాహ్నం బిర్యానీ బాగుంది. దాన్ని కూడా ఎవరో ఇద్దరు రుచి చూసి సరే అన్నాకే వడ్డించారు. ఆ ఇద్దరు వెంటనే దొరికారు.

రెండో రోజు సాయంత్రం ప్రశ్నలు అడగమన్నారు. నేను చెయ్యెత్తాను. మైకు నా నోటి దగ్గర పెట్టారు. నలభై ఏళ్ల అలవాటు కదా, వెంటనే మాట రాలేదు.

"చెప్పండి పెద్దాయనా" అన్నారు నిత్యానందం గారు.

"ఫెబీ పని చూడాల. ఇద్దరు. పావుగంట."

చప్పట్లు మొదలయ్యాయి. కొందరు లేచి నిలబడి కొట్టారు.

"మనం రెండు రోజులుగా చెప్పలేకపోయిందాన్ని ఈ పెద్దాయన మూడు ముక్కల్లో చెప్పినాడు" అన్నారు నిత్యానందం గారు. ఆ ముక్కలను వెనక తెర మీద పెద్ద అక్షరాలతో వేశారు. వాటి లోతు గురించి అయిదుగురు మాట్లాడారు. నాతో చాలామంది ఫొటోలు దిగారు. ఈ సమస్య మీద పదకొండు మందితో కమిటీ వేశారు. నివేదిక వచ్చే మహాసభలో ఇస్తారు. రాయాల్సింది ఫెబీ. ఉత్తమ ప్రశ్నకు బహుమతిగా నాకు 'అందరం కలిసి' అని రాసిన టీషర్టు ఇచ్చారు.

ఫెబీ పనిని ఎవరూ తెరిచి చూడలేదు.

ఇంటికి వచ్చాను. బేగం గుమ్మంలోనే ఉంది. "ఇద్దరు దొరికినారా?"

"టీషర్టు ఇచ్చినారు."

ఇక గత్యంతరం లేక కళ్లజోడు పెట్టుకుని, ఫోన్లో రెండో పేజీ తెరిచి నేనే చదవడానికి కూర్చున్నాను. ఒత్తుల దగ్గర ఆగుతూ, కూడబలుక్కుంటూ లోలోపల మొత్తం చదివి, పైకి చెప్పాను. "తిరిగి చూసింది. పాత హెడ్మాస్టరు. మాట్లాడుకున్నారు."

"ఏం మాట్లాడుకున్నారు?"

"మామూలే."

"అజీ, రాసినాయన పేజీ నిండా రాస్తే నువ్వు నాలుగు ముక్కలు చెప్తావేంది? మిగతాది నువ్వు దాచుకుంటావా?" అంది. మొదటి నుంచి, ఒక్క అక్షరం వదలకుండా మళ్లీ చదివించింది.

అప్పటి నుంచి రోజుకో పేజీ చదువుతున్నాను. నలభై ఏళ్లలో మాట్లాడనిదంతా ఈ మూడు వారాల్లో మాట్లాడేశాను. గొంతులో మిగిలిన పలక దుమ్ము కూడా వదిలినట్టుంది. మూడో తరగతితో ఆగిన చదువు డెబ్బై నాలుగో ఏట ముందుకు కదిలింది. ఇదంతా ఎవరి చలవ? ఆ మూడు వందల పన్నెండు మందిదే. వాళ్లలో ఏ ఇద్దరైనా తొందరపడి పని చేసి ఉంటే నా గతి ఏమయ్యేది!

నిన్నటికి ఇరవై రెండు పేజీలు అయ్యాయి. నవల మూడు వందల అరవై. నర్సు ఇంకా బస్సెక్కలేదు.

ఇదంతా రాశాక బేగానికి వినిపించబోయాను.

"ఏం రాసినావు?"

"మహాసభ బాగా జరిగిందని."

"పావుగంట సంగతి రాసినావా?"

"రాసినా."

"ఇంకోసారి రాయి."

అందుకని ఇంకోసారి రాస్తున్నాను. ఇద్దరు చాలు. పావుగంట చాలు.