వంకాయ రంగు గళ్లు

ఆ సోమవారం పొద్దున మాలతి టీచర్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. టిఫిన్ డబ్బా కట్టుకోవాలి, అల్మారాలో ఉన్న ప్లానర్ తీసి సంచిలో వేసుకోవాలి, గద్వాల బస్టాండు దగ్గర ఆటో ఎక్కాలి, బడికి వెళ్లి హెడ్మాస్టర్ ఇస్రాయేలు సార్ బల్ల మీద ఆ ప్లానర్‌ను టప్పుమని పెట్టాలి. ఆ టప్పు కోసం ఆమె జూన్ నెల నుంచీ ఎదురుచూస్తోంది.

ఎందుకంటే ఆమె చరిత్ర అలాంటిది. పిల్లలకు లెక్కలు చెప్పడంలో తిరుగులేదు గానీ, తన రోజుల లెక్క మాత్రం ఆమెకు ఏనాడూ కుదరలేదు. ఒక ఏడు బంగారు అంచుల ప్లానర్ కొన్నది. ప్రతి పేజీ మీదా ఒక మంచి మాట అచ్చయి ఉండేది. ఆ మాట చదివి ఆనందించేసరికి కింద రాయాల్సింది మరిచిపోయేది. మరో ఏడు మోయలేనంత లావుది కొంటే సంచి పట్టీ తెగింది, దాన్ని అత్తగారు పద్మమ్మ గ్యాసు పొయ్యి కింద ఎత్తు కోసం పెట్టుకుంది. ఫోన్‌లో ప్లానర్ పెట్టుకుంటే అది పాఠం నడుమ "నీళ్లు తాగండి" అని అరిచింది, తొమ్మిదో తరగతి మొత్తం లేచి నల్లా దగ్గరికి పోయింది. పోయిన ఏడు తనిఖీలో ఆమె ప్లానర్ తెరిస్తే జూలై నుంచి అంతా టమాటల ధరలే. "తప్పు బుక్కు తెచ్చిన సార్" అన్నా వినకుండా మెమో ఇచ్చారు. ఇంకో మెమో పడిందంటే ఇంక్రిమెంట్ ఆగుతుంది. నలుగురిలో తలవంపులు సరేసరి.

అందుకే ఈసారి మాలతి దుకాణాలు చుట్టలేదు. మామగారు సీతారాములు నేతపని చేస్తాడు. ఇంట్లోనే మగ్గం. చీర డిజైన్లు గీసే గ్రాఫు బుక్కులు, గోధుమ రంగు అట్టలవి, ఆయన దగ్గర కట్టలుగా ఉంటాయి. పేజీ నిండా చిన్న చిన్న గళ్లు. పీరియడ్‌కు ఒక గడి! రాసే పని లేదు, పక్కన తేదీ అంకె వేసి రంగు నింపితే చాలు. అనుకున్న పాఠం అనుకున్నట్టు చెబితే ఆకుపచ్చ. రేపటికి వాయిదా వేస్తే ఎరుపు. సెలవైతే ఖాళీ. ఇక మధ్యాహ్నం లీజర్ పీరియడ్‌లో నోటుబుక్కులు దిద్దుదామని కూర్చుని, స్టాఫ్ రూము కిటికీ గాలికి కళ్లు మూతపడితే వంకాయ రంగు. అది కూడా ఎందుకు వేయడమంటే, బుక్కుకు అబద్ధం చెప్పడం మొదలుపెడితే ఇది కూడా టమాటల దారే పడుతుందని ఆమె భయం. అడిగితే వంకాయ రంగు అంటే 'స్వయం మూల్యాంకనం' అని చెబుదామని ముందే అనుకుంది. ఏమైతేనేం, బడి తెరిచిన రోజు నుంచి జూలై ఆఖరి దాకా ఒక్క రోజు తప్పకుండా గళ్లు నింపింది. ఆమెకే నమ్మబుద్ధి కాలేదు.

"అత్తమ్మా, నా బుక్కు ఏడుంది?" అని వంటింట్లోంచి కేకేసింది.

"గోధుమ రంగు అట్టదే గదా? అల్మారాలనే ఉన్నది, తీస్కో" అంది పద్మమ్మ, కండెలకు నూలు చుడుతూనే.

అల్మారాలో గోధుమ రంగు అట్టవి రెండున్నాయి. ముందు రోజు పొద్దుగూకాక డిజైనర్ దగ్గర్నుంచి సీతారాములు కొత్త చీరకు గ్రాఫు వచ్చింది. పొద్దున చూద్దాంలే అని ఆయన విప్పకుండానే మాలతి ప్లానర్ మీద పెట్టాడు. బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. మాలతి పైది లాక్కుని పరుగెత్తింది.

బడిలో అనుకున్నట్టే టప్పుమంది. ఇస్రాయేలు సార్ అట్ట తిప్పాడు. లోపల హంసలు! వరుసగా, మెడలు వంచుకుని, ఒకదాని తోక వెనక ఒకటి, పేజీ ఈ చివర నుంచి ఆ చివరకు.

"ఏంది మేడమ్ గిది?" అన్నాడాయన.

అది మామగారి కొత్త చీర గ్రాఫు అని మాలతికి అర్థమైంది. తప్పు బుక్కు తెచ్చానని చెప్పే వీలు లేదు, ఆ మాట పోయిన ఏడే వాడేసింది. మెమో కాగితాలు ఆయన మోచేతి పక్కనే ఉన్నాయి. అప్పుడు ఆమె నోట్లోంచి ఒక మాట దానంతట అదే వచ్చింది.

"హంస ప్రణాళిక సార్."

"అంటే?"

"ఒక్కో హంస ఒక్కో పాఠం సార్. తోకంటే నిన్న చెప్పింది యాదికి చేసుడు. పొట్టంటే పాఠం, గందుకే పెద్దగుంటది. మెడ కాడ వంపు ఉన్నది చూసిన్రా? గవి కష్టమైన లెక్కలు. ముక్కంటే స్లిప్ టెస్టు. హంస పాలు, నీళ్లు వేరు చేస్తది గదా సార్? గట్లనే పిల్లలకు వచ్చిందేంది, రానిదేంది వేరు చేస్తం."

ఇస్రాయేలు సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన సర్వీసంతా అక్షరాలు రాసిన ప్లానర్లే చూశాడు పాపం. "ఏ ట్రైనింగుల చెప్పిన్రు మేడమ్?" అని అడిగాడు మెల్లగా. ఆన్‌లైన్‌లో అంది మాలతి. "గీ బుక్కు నా దగ్గర ఉండనీ" అని ఆయన దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. మధ్యాహ్నానికల్లా నోటీసు వచ్చింది, స్టాఫంతా శనివారం లోపల హంస ప్రణాళిక సమర్పించాలని.

తెలుగు చెప్పే నర్సింహులు సార్ నెత్తి పట్టుకున్నాడు. "హంస మీద పద్యం జెప్పమంటే జెప్త. గీయమంటే ఎట్ల మేడమ్? నా జిందగీల ఏనాడన్న బొమ్మ గీసిన్నా?" అన్నాడు మాలతి దగ్గరికొచ్చి. తీరా గీస్తే అది బాతయింది. ఇస్రాయేలు సార్ ఎర్ర సిరాతో 'మెడ చాలదు' అని రాసి వెనక్కి పంపాడు. మాలతికి నవ్వొచ్చింది గానీ, నవ్వే ధైర్యం రాలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి నేరుగా అల్మారా తెరిచింది. ఖాళీ.

"అత్తమ్మా! ఇంకో బుక్కు ఉండె గదా?"

"మాసయ్య వచ్చి తీస్కపోయిండు బిడ్డా, అట్టలు కొట్టెతందుకు."

మాసయ్య పని అదే. డిజైన్ గ్రాఫు చూస్తూ ఒక్కో గడికి లెక్క ప్రకారం అట్ట ముక్కలకు రంధ్రాలు కొడతాడు. ఆ అట్టల్ని మగ్గం మీద వేలాడదీస్తే, రంధ్రాల్ని బట్టి పోగులు లేస్తాయి. అట్టలో ఏముంటే చీరలో అదే వస్తుంది. అంటే మాలతి జూన్, జూలై నెలలు ఇప్పుడు చీర కొంగు కాబోతున్నాయి. ఆమె వెంటనే మాసయ్యకు ఫోన్ చేసింది.

"మాసన్నా, గా బుక్కు జర ఆపు!"

"ఆపుడేందమ్మా, షురూ జేసిన గదా! మస్తున్నది డిజైను. పక్కన అంకెలేసిండు గదా, పోగుల లెక్కనేమో అనుకున్న. ముప్పై అయినంక మల్ల ఒకటి వచ్చింది. జర పరేషాన్ అయిన గాని, సమజ్ జేసుకున్న."

ఆపాలంటే హంసల బుక్కు తెచ్చివ్వాలి. అది ఇస్రాయేలు సార్ బీరువాలో ఉంది. అది తేవాలంటే నిజం చెప్పాలి. నిజం చెబితే మెమో. రెండు రోజుల్లో హంసలు తిరిగొస్తాయి, అప్పుడు మార్చేద్దాం అని మాలతి నోరు మూసుకుంది. హంసలు రాలేదు. ఇస్రాయేలు సార్ వాటిని మండల ఆఫీసుకు పంపాడు, అక్కడ జిరాక్సులు తీసి చుట్టుపక్కల బడులన్నింటికీ పంచారు. మాలతి ప్లానరేమో మాసయ్య ఇంట్లో వానకు తడిసి, రంగులన్నీ కలిసి ముద్దయింది. నోటీసు తనకూ వర్తిస్తుంది కాబట్టి, ఆగస్టు నుంచి మాలతి కూడా హంసలే గీయాల్సి వచ్చింది.

ఇంట్లో మగ్గం టకటకమంటోంది. సీతారాములు కొంగు జానెడు నేసి, ఆపి, తల గోక్కున్నాడు.

"ఏందే పద్మా గిది? పువ్వు లేదు, పిట్ట లేదు, గోపురం లేదు. ఉత్త గళ్లు."

"కొత్తగుండాలె అన్నది నువ్వే గదా!"

"గది సరే. గీ వంకాయ రంగు చూడు, దినాం గదే జాగల వస్తున్నది, గంట గొట్టినట్టు."

పక్కనే చాయ్ తాగుతున్న మాలతికి పొలమారింది. ఆ తర్వాత ప్రతి సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి తన కునుకులు పట్టుదారంలో మరో బెత్తెడు పెరిగి కనిపించేవి. చీర పూర్తయి దుకాణానికి పోయిన రోజున ఆమె దేవుడి ముందు దీపం పెట్టింది. పీడ విరగడైందనుకుంది. అంత తొందరగా విరగడైతే మనకీ కథ ఎందుకు?

బతుకమ్మకు వారం ముందు మండల విద్యాధికారి బాలమణి మేడమ్ హంస ప్రణాళికను పుట్టిన చోటే చూద్దామని బడికి వచ్చింది. ఇస్రాయేలు సార్ కొత్త చొక్కా వేసుకున్నాడు. బాలమణి మేడమ్ కొత్త చీర కట్టుకుంది. గంధం రంగు నూలు చీర, పట్టు కొంగు. కొంగు మీద పువ్వు లేదు, పిట్ట లేదు, ఉత్త గళ్లు. ఆకుపచ్చవి, ఎర్రవి, దినాం గదే జాగల వంకాయ రంగువి. మాలతి గోడకు ఆనుకుంది.

ఇన్నాళ్లూ ఆఫీసులో గుమస్తాల చేతుల్లోనే తిరిగిన హంసల బుక్కును బాలమణి మేడమ్ మొదటిసారి తెరిచింది. రెండు పేజీలు తిప్పింది. మూసింది.

"టీచరమ్మా, మాది రాజోలి. మా నాయిన మగ్గం కాడనే పెరిగిన. గిది చీర గ్రాఫు. ఎవల్ని ఆగం జేద్దామని?"

స్టాఫ్ రూములో ఉన్నవాళ్లంతా మాలతి వైపు తిరిగారు. ఇస్రాయేలు సార్ మొహం పాలిపోయింది. రెండు నెలలుగా మెడలు సాగదీస్తున్న నర్సింహులు సార్ మాత్రం మొదటిసారి హాయిగా నవ్వాడు.

"నీ ప్లానర్ ఏది? లేకుంటే లేదని చెప్పు, మెమో రాస్త" అంది మేడమ్.

మాలతికి ఏడుపొచ్చింది. ఇన్నేళ్లకు ఒక్కసారి బుద్ధిగా ప్లానర్ నింపితే, అది లేదనిపించుకోవడమా? ఆ ఉక్రోషంలో భయం కూడా పోయింది.

"ఉన్నది మేడమ్. మీ భుజం మీద ఉన్నది."

"ఏంది?"

"మీ భుజం కాడ ఉన్నది జూన్ మేడమ్, బడి తెరిచిన దినం. కిందికి పోతే జూలై. పచ్చవి నేను జెప్పిన పాఠాలు. ఎర్రవి వాయిదా ఏసినవి. మా మామ మగ్గం మీద నేసిన చీర గది. బుక్కులు తారుమారైనయి." ఆమె మొత్తం కథ ఏకబిగిన చెప్పేసింది.

బాలమణి మేడమ్ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. "జూలై రెండో శనివారం?" అని అడిగింది.

"సెలవు మేడమ్. మీ మోచేతి కాడ ఖాళీ ఉంటది, చూసుకోండ్రి."

మేడమ్ మోచెయ్యి ఎత్తింది. ఖాళీగానే ఉంది.

"బోనాలు?"

"జర కొంగు తిప్పుండ్రి మేడమ్... ఆ, గదే."

మేడమ్ గొంతు కొంచెం మారింది. "మరి గీ వంకాయ రంగు?"

"స్వయం..." అని మొదలుపెట్టిన మాలతి ఆమె కళ్లలోకి చూసి ఆగింది. "కునుకు మేడమ్. నోటుబుక్కులు దిద్దుదామని కూసొని పండుకున్న."

బాలమణి మేడమ్ కొంగు చేతిలోకి తీసుకుని వేలితో ఒక్కో గడీ తడుముతూ వెళ్లింది. సగంలో ఆపేసింది. "గింత నిద్రనా?" అంది.

మోసపోయిన మంటలో ఉన్న ఇస్రాయేలు సార్ మెమో కాగితం ముందుకు జరిపాడు. "ఒప్పుకున్నది గదా మేడమ్, రాసెయ్యండ్రి. సాక్ష్యం గూడ ఉన్నది."

మేడమ్ పెన్ను మూత తీసింది. అంతలో ఏదో తట్టింది. "సాక్ష్యం జత చెయ్యాలె గదా?"

"చెయ్యాలె మేడమ్. ఒరిజినల్. ఫైలుకు కుట్టి జిల్లా ఆఫీసుకు పంపాలె."

ఒరిజినల్ బుక్కు వానపాలైంది. మిగిలిన ఒరిజినల్ మేడమ్ భుజం మీద ఉంది. బతుకమ్మకని ఏరి కోరి కొన్న చీర. పొద్దున ఆఫీసులో అందరూ ఎక్కడ కొన్నావని అడిగిన చీర. జిల్లా ఆఫీసుకు పోయిన ఫైలు తిరిగి రావడం ఆమె ఇంతవరకు చూడలేదు.

"కొంగు కోసియ్యమంటవా సారూ?" అని గదిమి, పెన్నుకు మూత పెట్టేసింది. మాలతి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "రేపటి నుంచి హంసలు బంద్. అందరూ నీ గళ్లే నింపుండ్రి. కానీ వంకాయ రంగు కనపడొద్దు. ఇంకో మాట. గీ చీర మీద ఉన్నది నీ నిద్ర అని బయట తెలిస్తే మాత్రం నేను ఊకోను!"

ఆ సాయంత్రం మాలతి మామగారి ముందు నిలబడి అన్నీ చెప్పింది. సీతారాములు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "గందుకేనా! డిజైను మంచిగున్నదని ఫోన్ జేస్తే, హంసల మెడలు మంచిగొచ్చినయా అనడిగిండు డిజైనరు. వానికి పిచ్చి లేసిందనుకున్న!"

మాలతికి మాత్రం నిజంగానే సిగ్గేసింది. దసరా సెలవులు అయ్యాక ఒక్క కునుకు తీయలేదు. ఒక్క పాఠం వాయిదా వేయలేదు. నెల తిరిగేసరికి కొత్త బుక్కు నిండా ఆకుపచ్చే. గర్వంగా అల్మారాలో పెట్టింది.

అప్పుడే దుకాణం నుంచి కబురొచ్చింది. గళ్ల కొంగు చీరలు చాలడం లేదట, అలాంటిదే ఇంకో డిజైన్ కావాలట. సీతారాములు కోడలి బుక్కు తీసి పేజీలు తిప్పాడు. ఆయన మొహం వాడిపోయింది.

"ఏంది బిడ్డా గిట్ల జేసినవ్? అంత పచ్చగ, వరి మడి లెక్క! గిది ఎవరు కట్టుకుంటరు? వంకాయ రంగు లేకుంటే వద్దంటున్నరు దుకాణపోళ్లు."

"గింతగనం పనిజేస్తే ఎట్లనే మాలతీ? జర ఇంటి సంగతి గూడ చూడు" అంది పద్మమ్మ, కండె పక్కన పెట్టి.

మర్నాడు మధ్యాహ్నం లీజర్ పీరియడ్‌లో మాలతి టీచర్ నోటుబుక్కులు పక్కకు జరిపి, ఇంటి మేలు కోరి, ఒక కునుకు తీసింది.