రాక్షసుడి కోటకు రెండో మెట్లదారి

ఇరుకు మెట్లతో అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్లను తిట్టేవాళ్లు నోరు మూసుకోవాలి. ఆ మహానుభావులే లేకపోతే కళ ఎక్కడిదండీ? నమ్మనివాళ్లు ఈ ఆర్కిటెక్టు సంగతి వినండి.

ఆయన చదివింది ఆర్కిటెక్చర్. చేసేది వీడియో గేముల్లో కోటలు కట్టడం. ఇసుక అక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు, పర్మిషన్ అసలే అక్కర్లేదు. అయినా చదివిన చదువు ఊరుకుంటుందా? రాక్షసుడి కోటకు రెండు మెట్లదారులు పెట్టాడు. చీకటి కొట్టుకు వెంటిలేటర్ పెట్టాడు. రాక్షసుడికి మోకాళ్ల నొప్పులొస్తాయేమోనని ర్యాంపు కూడా!

ఏమైంది? ఆడేవాళ్లంతా వెనక మెట్లు దిగి హాయిగా వెళ్లిపోయారు. రాక్షసుడు గద పట్టుకుని ముందు గుమ్మంలో వాచ్‌మన్‌లా నిలబడిపోయాడు.

బాస్ పిలిపించాడు.

"ఏమయ్యా, కోట కట్టమన్నానా, ఆస్పత్రి కట్టమన్నానా?"

"నిప్పంటుకుంటే మనుషులు బయటపడాలి కద సార్."

"పడకూడదనే కదయ్యా మన ఆట. శుక్రవారానికి ఒక్కడూ బయటపడని కోట చూపించు. లేదంటే వేరే ఉద్యోగం చూసుకో."

మూడు రోజులు గీశాడు. చెయ్యి రాలేదు. గోడ గీస్తే దానంతట అదే కిటికీ అయిపోయేది. గురువారం తల పట్టుకుని కూర్చుంటే భార్య కొలత టేపు తెచ్చి చేతిలో పెట్టింది.

"ఎందుకండీ బుర్ర బద్దలు కొట్టుకోవడం? మన అపార్ట్‌మెంటు కొలుచుకోండి."

కొలిచాడు. ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి నడవాల్సిన మెట్లు. తెరిస్తే పక్క బిల్డింగు గోడకు తగిలే కిటికీ. రెండో మెట్లదారి ఉంది, లేకేం! అందులో బిల్డర్ మిగిలిన టైల్స్ పెట్టెలు పేర్చుకుని తాళం వేసుకున్నాడు. అంతా ఉన్నదున్నట్టు గీసి, మధ్యలో రాక్షసుణ్ణి నిలబెట్టాడు.

ఆఫీసులో పన్నెండుమంది ఆడారు. ఒక్కడు బయటపడితే ఒట్టు. రాక్షసుడు కూడా మెట్ల మలుపులో ఇరుక్కుపోయాడు. ఉద్యోగం నిలిచింది.

ఆట విడుదలయ్యాక జనం భగ్గుమన్నారు. మనుషులు దిగే దారికి ఎవడైనా తాళం వేస్తాడా, కాస్త నమ్మేలా కట్టండి అని నలభై వేలమంది సంతకాలు పెట్టారు. కంపెనీ వణికిపోయి, క్షమాపణ చెప్పుకుని, వారంలో తాళం తీయించింది.

అపార్ట్‌మెంటులోని పద్దెనిమిది కుటుంబాలూ అదే అర్జీ పెట్టుకుని ఆరేళ్లయింది. ఒకసారి మున్సిపల్ అధికారి వచ్చాడు. రెండో అంతస్తుకే ఆయాసం వచ్చి దిగిపోయి, గేటు దగ్గర నిలబడి అన్నీ సక్రమమే అని రాసుకుపోయాడు.

కోట తాళం తీశారన్న కబురు విని ఆర్కిటెక్టు భార్య అటక మీంచి పెట్టె దించింది.

"సామాను సర్దేస్తానండీ, ఆ కోటలోకి మారిపోదాం. అక్కడైతే ఉన్నది ఒక్క రాక్షసుడే కదా."