లండన్ ముద్ర

ఆ ఆదివారం పొద్దున ధనంజయ పెట్టుకున్న పని ఒక్కటే. తాత తుపాకీని తిరుపతికి తీసుకెళ్లి, అది లండన్‌లో పుట్టిందని రుజువు తెచ్చుకోవాలి. బంగారుపాళ్యం పక్క పల్లెలో ఆయనకు ఇరవై ఎకరాల మామిడితోట ఉన్నా, పెద్దరికమంతా ఆ జంటగొట్టాల తుపాకీ మీదే నడుస్తోంది. తెల్లదొర తన తాతకు స్వయంగా ఇచ్చాడని చెప్పని రోజు లేదు. నమ్మనివాడు ఊరంతటికీ ఒక్కడే, పక్కతోట కుప్పయ్య. ఆయనకూ అలాంటి తుపాకీయే ఉంది. దాన్ని ధనంజయ కోతుల్ని తోలే గొట్టం అంటాడు. అందుకే కుప్పయ్య ముందురోజు టీ అంగడిలో నలుగురి ముందూ అడిగేశాడు.

"లండన్‌దైతే లండనని రాసుండాల కదప్పా. యాడ ఉండాదో సూపియ్యి. లేదంటే ఇంక ఆ తుపాకీ మాట ఎత్తబాకు."

చూపిద్దామంటే అసలు ఇనుమే కనపడదు. ఏటేటా ఆయుధపూజకు పూసిన పసుపూ కుంకుమా గట్టిపడి పెచ్చుకట్టాయి. ధనంజయ భార్య పంకజాక్షి ఇత్తడి బిందెను తోమినట్టు చింతపండు పెట్టి తోమింది. పెచ్చుతోపాటు నలుపూ పోయి, గొట్టాల పొడవునా పాముచర్మం మాదిరి సుడులు తేలాయి. తాత పరువు చింతపండు పాలు చేశావని ధనంజయ తిట్టిన తిట్లు పక్కతోటదాకా వినిపించాయి. చేసేదేమీ లేక తుపాకీని చాపలో చుట్టుకుని బస్సెక్కాడు. చాపలో ఏముందని కండక్టరు అడిగితే నిజమే చెప్పాడు. తిరుపతి దాకా ఆయన పక్కన ఇంకెవరూ కూచోలేదు.

చరిత్ర లెక్చరరుగా రిటైరైన యతిరాజులు పాత తుపాకుల ముద్రల మీద పుస్తకాలన్నీ పోగేసిన మనిషి. తుపాకీని మాత్రం ముట్టడు, ముడితే స్నానం చెయ్యాలట. ధనంజయ తిప్పి చూపిస్తుంటే భూతద్దంతో గంటసేపు చూశాడు.

"మీ ఇంటావిడకు దణ్ణం పెట్టండి. ఇనుప పట్టీలూ ఉక్కు పట్టీలూ కలిపి మెలిపెట్టి, కాల్చి కొట్టిన గొట్టం ఇది. పులుపు తగిలితే ఆ సుడులు బయటపడతాయి. ఇదిగో లండన్ ముద్ర, ఇదిగో నంబరు," అన్నాడు.

ఇంత పాత గొట్టంలో ఇప్పటి తూటా పెట్టి కాలిస్తే అది పగిలి చెయ్యి పోతుందని కూడా చెప్పాడు. ధనంజయకు ఆ మాటా సన్మానపత్రం చదివినట్టే వినిపించింది. అంతా కాగితం మీద రాయించి, సంతకం పెట్టించి, అద్దం కట్టించి టీ అంగడిలో తగిలించాడు. కుప్పయ్య వారం రోజులు ఇల్లు కదల్లేదు.

అంతలో 1980 ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలంటే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పగించి, అయ్యాక తెచ్చుకోవాలి. ఇన్నేళ్లూ పసుపు కింద నంబరు కనపడక, లైసెన్సులో ఉన్నదే రిజిస్టరులో ఎక్కించేవారు. ఈసారి ధనంజయే నంబరు మీద వేలుపెట్టి గొప్పగా చూపించాడు. కొత్త ఎస్సై లైసెన్సుతో పోల్చి చూశాడు. రెండూ కలవలేదు.

"ఈ తుపాకీకి లైసెన్సు లేదు. ఈ లైసెన్సుకు తుపాకీ లేదు. ముందు దేనికి లోపలికి పోతావు?" అన్నాడు ఎస్సై.

ధనంజయ నంబరు మీంచి వేలు తీసేశాడు. లండనూ లేదు గిండనూ లేదు, ఉత్త గొట్టమని కాళ్లావేళ్లా పడ్డాడు. ఎస్సై అంగడిలోని కాగితం తెప్పించి పైకి చదివి వినిపించాడు. సరిగ్గా అప్పుడే కుప్పయ్య తన తుపాకీ అప్పగించడానికి వచ్చాడు. ఎస్సైకి అనుమానమొచ్చి దాన్నీ తోమించాడు. దాని మీద ఏదో మద్రాసు దుకాణం పేరూ, ధనంజయ లైసెన్సు నంబరూ ఉన్నాయి. లండన్ నంబరు కుప్పయ్య లైసెన్సుది. 1952 ఎన్నికలయ్యాక ఇద్దరి నాయనలూ ఠాణా నుంచి ఒకరి తుపాకీ ఒకరు మోసుకుపోయారన్నమాట.

ఎవరిది వాళ్లు రాయించుకుంటే కేసుండదన్నాడు ఎస్సై. జైలు తప్పినా ధనంజయకు ఏడుపొక్కటే తక్కువ. కుప్పయ్య లండన్ తుపాకీని కళ్లకద్దుకున్నాడు.

"మా నాయన సెప్తానే ఉన్నాడు, మాది లండన్‌దని. నేనే నమ్మలా," అన్నాడు.

ఇప్పుడు ఊళ్లో లండన్ గొప్పలు కుప్పయ్య చెబుతున్నాడు. నమ్మనివాళ్లుంటే ధనంజయనే అడిగి తెలుసుకోమంటున్నాడు.